హేరంబ్ బాబు ఇంట్లో రొయ్యల వాసన

పోయినవారం హేరంబ్ దత్తగుప్తాని వీధి తలుపు గడియ మీద చెయ్యి వేసి ఉండగా వదిలేశాం. ఆ చెయ్యి ఇంకా అక్కడే ఉంది.

ఆయనకి ఎడమవైపు, వీధి పక్క చిన్న గదిలో, చనిపోయిన కొడుకు బిలూ మంచం మీద రణజయ్ ధాలీ కూర్చుని ఉన్నాడు. పూర్వాచల్ సంఘ్‌కి అయిదేళ్ళుగా గోల్స్ కొట్టిపెడుతున్న రణజయ్, అభిమానుల రణో. కలకత్తాలో సగం జనం అతని కోసం వెతుకుతున్నారు, మిగతా సగం అతను దొరక్కూడదని కోరుకుంటున్నారు. సంతకాల గడువు రేపు సాయంత్రంతో ఆఖరు. ఏ జట్టుకి ఆడదలచుకున్నా ఆటగాడు తన కాళ్ళతో ఫుట్‌బాల్ సంఘం ఆఫీసు మెట్లెక్కి, అధికారి కళ్ళెదుట సంతకం పెట్టాలి. అందుకే ఏటా ఈ పక్షం రోజులూ క్లబ్బులవాళ్ళు ఆటగాళ్ళని నగలు దాచినట్టు దాస్తారు. పూర్వాచల్ వాళ్ళు రణజయ్‌ని ఊరవతల ఒక తోటబంగళాలో పెట్టి తాళం వేశారు. అతను గోడ దూకాడు. కుమార్‌టులి యూనియన్ అనే పోటీ జట్టువాళ్ళే ఎత్తుకుపోయారని పొద్దున పేపర్లన్నీ రాశాయి. మధ్యాహ్నం అతను కాలనీ వెనక చెరువుగట్టు మీదుగా నడిచొచ్చి, పెరటి తలుపు తట్టి, "హేరంబ్‌దా, ఒక్క పూట ఉండనిస్తారా?" అని అడిగాడు.

హేరంబ్‌కి సంతోషంతో ఏడుపు ఒక్కటే తక్కువ. మన జట్టులోనే ఉండిపోవడానికి వచ్చాడనుకున్నాడు. దీపాలు పెట్టేవేళ దాకా అలాగే అనుకున్నాడు. అప్పుడు రణజయ్ తలెత్తి చెప్పాడు.

"రేపు నేను కుమార్‌టులికి సంతకం చేస్తున్నాను. అక్కడిదాకా నన్ను మీరే తీసుకెళ్ళాలి."

హేరంబ్ లేచాడు. సందు చివర క్లబ్బు గదిలో భోంబల్ ఉంటాడు. ఆటగాళ్ళని దాచడం, కాపలా కాయడం, పారిపోయినవాణ్ణి పట్టుకురావడం భోంబల్ పని. ఒక్క కేక చాలు. గడియ మీద చెయ్యి వేశాడు. కరెంటు పోయింది.

తలుపవతల అరుగు మీద ఎవరో ఉస్సురని కూలబడిన చప్పుడు.

"కరెంటూ పోయింది, సెంటర్ ఫార్వర్డూ పోయాడు. ఇంకేముందిరా మనకి పోడానికి?"

పోస్టాఫీసు ఫటిక్ గొంతు. కరెంటు పోగానే కాలనీలో మగవాళ్ళంతా అరుగుల మీదికి చేరతారు. హేరంబ్ అరుగు మీదికి ఫటిక్, రిటైరయిన అబనీ మేష్టారు, దర్జీ జగు చేరతారు. ముప్ఫై ఏళ్ళుగా, ఈ ఇల్లు వెదురు తడికల పాకగా ఉన్నప్పటినుంచీ అక్కడ అరుగు ఉంది. అరుగు తరవాతే ఇల్లొచ్చిందని ఫటిక్ అంటాడు.

హేరంబ్ తలుపు తీసి బయటికొచ్చి, వెనక జాగ్రత్తగా దగ్గరికి వేశాడు. జగుని పంపిస్తే చాలు, భోంబల్ వస్తాడు. తనింక ఏమీ చెయ్యక్కర్లేదు.

"రండి రండి, హేరంబ్‌దా. మీకోసమే చూస్తున్నాం. మేష్టారు ఇవాళ కుమార్‌టులి తరఫు వకాల్తా పుచ్చుకున్నారు."

"నేనెవరి వకాల్తా పుచ్చుకోలేదు," అన్నాడు అబనీ మేష్టారు. "వాడికి కాళ్ళున్నాయి, వెళ్ళాడు అన్నాను. నువ్వు పార్సిళ్ళ సెక్షన్ నించి మనీయార్డర్లకి మారలేదుట్రా?"

"సెక్షన్ మారాను మేష్టారూ. దేశం మారలేదు."

"దేశం మారడం మనకేమైనా కొత్తా?" అన్నాడు జగు.

"మనం మారలేదురా. మనం నిలబడే ఉన్నాం, దేశమే కాళ్ళ కింద నించి మారిపోయింది," అన్నాడు ఫటిక్.

ఎదురింటి వాళ్ళు సంధ్యవేళ శంఖం ఊదారు. దోమలు మొదలయ్యాయి. ఫటిక్ భుజం మీది తువ్వాలుతో కాళ్ళ దగ్గర కొట్టుకున్నాడు.

"అందుకే అంటున్నాను," అన్నాడు ఫటిక్, ఈసారి గొంతు తగ్గించి. "విభజనలో ఇల్లు వదిలేశాం. చెరువు వదిలేశాం. మా నాన్న పోకచెట్లని తలుచుకుంటూ పోయాడు. మేష్టారూ, మూటలో పెట్టుకుని ఇవతలికి తెచ్చుకున్నది ఇదొక్కటే, ఈ జట్టు. అదీ వాళ్ళకే ఇచ్చెయ్యాలా? 'కాందిశీకులొచ్చారు, వంతెన కింద పడుకుంటారు' అని నవ్వినవాళ్ళకి?"

"వాళ్ళు నవ్వింది మనల్ని. రణజయ్‌ని కాదు. వాడిది ఇటువైపే, బర్దమాన్ పక్క పల్లెటూరు. వాడికి నీ చెరువేం తెలుసు?"

"తెలీకపోతే అయిదేళ్ళు మన చొక్కా ఎందుకు వేసుకున్నాడు?"

"సెమీఫైనల్లో మోకాలు గుమ్మడికాయంత వాచింది. సూది గుచ్చి ఆడించారు. మళ్ళీ గుచ్చి మళ్ళీ ఆడించారు. ఎవడైనా అడిగాడా, నొప్పిగా ఉందా బాబూ అని?"

"గోలు కొట్టాడు కదా," అన్నాడు జగు.

"అదే నేననేది. గోలు కొట్టాడు కదా అంటావు నువ్వు."

"నొప్పి ఎవడికి లేదు?" ఫటిక్ లేచి నిలబడ్డాడు. "హేరంబ్‌దాకి లేదూ? కార్తీకంలో కొడుకు పోయాడు, మాఘంలో క్లబ్బు గదికి సున్నం వేయించాడు ఈ మనిషి. నొప్పి అని ఇంట్లో కూర్చున్నాడా? మోకాలుట, మోకాలు!"

హేరంబ్ నాలుక చివర ఒక్క మాటే ఉంది. జగూ, వెళ్ళి భోంబల్‌ని పిలుచుకురా. అంతే ఆ మాట. ఎంతో పెద్దది కాదు.

"మోకాలు సంగతి నాకు తెలీదు," అన్నాడు జగు. "నాకు ఒక్కటే తెలుసు. బిలూకి మాటిచ్చాడు. చచ్చిపోతున్నవాడి చెయ్యి పట్టుకుని మాటిచ్చాడు, ఈ జట్టు వదలనని. నేనైతే రేపు ఆ ఆఫీసు మెట్ల మీద పడుకుంటాను. నన్ను తొక్కుకుంటూ వెళ్ళి సంతకం పెట్టమను."

ఈ కథ జగుకి చెప్పింది హేరంబే. జగుకొక్కడికే కాదు, కాలనీ అంతటికీ చెప్పాడు. రక్తం జబ్బుతో బిలూ ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఒక మధ్యాహ్నం రణజయ్ చూడ్డానికొచ్చాడు. వార్డులోకి ఇద్దర్ని రానివ్వరు. హేరంబ్ తలుపు అద్దం ఇవతల నిలబడి చూశాడు. బిలూ ఏదో అడిగాడు. రణజయ్ వంగి విన్నాడు. చాలాసేపు ఊరుకుని, తరవాత తలూపాడు. బిలూ నవ్వాడు. అన్ని నెలల జబ్బులో వాడు అలా నవ్వడం ఆ ఒక్కసారే. ఆ నవ్వుకి అర్థం ఏమిటో హేరంబ్‌కి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. పూర్వాచల్ వాడి కొడుకు, పూర్వాచల్ సెంటర్ ఫార్వర్డ్‌ని ఇంకేం అడుగుతాడు?

క్లబ్బు గదిలో ఇప్పుడు బిలూ ఫోటో ఉంది. దాని కింద భోంబల్ పెయింటు డబ్బా తెచ్చి తనే రాశాడు, 'రణో మాటిచ్చాడు' అని. రోజూ సాయంత్రం ఆ ఫోటో ముందు అగరొత్తి వెలిగించడం హేరంబ్‌కి మిగిలిన పని. అగ్గిపుల్ల గీస్తున్నంతసేపూ కొడుకు ఎక్కడికీ పోలేదనిపిస్తుంది.

"జగూ," అన్నాడు హేరంబ్. "ఒకసారి వెళ్ళి..."

"ఆగండాగండి." ఫటిక్ చెయ్యెత్తాడు. ముక్కు ఎగబీల్చాడు. "ఏమిటా వాసన?"

అందరూ పీల్చారు. గాలి లేదు. ఉక్కలో వాసన కదలకుండా నిలబడి ఉంది.

"కొబ్బరిపాలు," అన్నాడు అబనీ మేష్టారు.

"యాలకులు కూడా. కొంచెం నెయ్యి." ఫటిక్ కళ్ళు మూసుకుని ఇంకోసారి పీల్చాడు. కళ్ళు తెరిచాక గొంతు మారింది. "రొయ్యలు. మేష్టారూ, పెద్ద రొయ్యలు. నీలిడెక్కలవి."

మనవాళ్ళు గెలిస్తే ఈ సందంతా ఆవపిండితో ఇలసచేప ఉడుకుతుంది. కుమార్‌టులి గెలిస్తే గంగ ఒడ్డున వాళ్ళ పాత మేడల్లో కొబ్బరిపాలతో రొయ్యలు ఉడుకుతాయి. ఈ కాలనీలో రొయ్యలు ఎవరూ తినరని కాదు. కానీ ఏ రోజు తినాలో అందరికీ తెలుసు.

"మన సెంటర్ ఫార్వర్డ్‌ని ఎత్తుకుపోయిన రోజున," అన్నాడు ఫటిక్ ఒక్కొక్క మాటా తూచి, "మన కాలనీలో, ఎవడో పండగ చేసుకుంటున్నాడు."

"అజీర్తి చేస్తాయిరా అలాంటి ఆలోచనలు. ఎవరింట్లోనో అల్లుడొచ్చి ఉంటాడు."

"ఇవాళా? సంతకాలకి ముందురోజా? ఏ అల్లుడండీ వాడు, పెళ్ళాంతో సహా వెనక్కి పంపించెయ్యాలి అలాంటి అల్లుణ్ణి." ఫటిక్ నవ్వాడు, కానీ అది నవ్వులా లేదు. "జగూ, నీ ముక్కు ముందు నడవనీ. మేం వెనకొస్తాం."

జగుకి హాస్యం అర్థం కాలేదు. టార్చి తీసుకుని అరుగు దిగిపోయాడు. చెరువుగట్టు వైపు ఇళ్ళ వెనకనుంచి మొదలుపెడతానన్నాడు.

హేరంబ్ ఇంకోసారి పీల్చాడు. కార్తీకం తరవాత ఈ ఇంట్లో చేప ముక్క ఉడకలేదు. భార్య చారుబాల బజారుకే వెళ్ళడం మానేసింది. అయినా ఆ వాసన ఎదురింటినించి రావడం లేదు, పక్కింటినించి రావడం లేదు. తన వీపు వెనక, తను దగ్గరికి వేసిన తలుపు కిందినించి వస్తోంది.

"మంచినీళ్ళు తాగొస్తాను," అని లోపలికి వెళ్ళాడు.

వంటిల్లు పెరటి చివర ఉంది. బొగ్గుల పొయ్యి ముందు చారుబాల గొంతుక్కూర్చుని ఉంది. పక్కన లాంతరు. మూకుడులో తెల్లటి పులుసు మెల్లగా కుతకుతలాడుతోంది. దాంట్లో ఎర్రబడిన రొయ్యలు, తలకాయలతో సహా.

"ఏమిటిది?"

"కూర."

"అది కనిపిస్తోంది. సందు చివరదాకా వాసన కొడుతోంది, తెలుసా నీకు? ఆ మహానుభావుడు అడిగాడా ఇది వండమని?"

"అతను ఏమీ అడగలేదండీ. పొద్దున్నించి మెతుకు ముట్టలేదు. నేనే వెళ్ళి తెచ్చాను, రైలుకట్ట అవతలి బజారు నించి."

"మనింట్లో ఈ కూర ఎప్పుడైనా వండారా? మా అమ్మకి రాదు. మీ అమ్మకి రాదు. నీకెవరు నేర్పారు?"

చారుబాల గరిటెతో ఒక రొయ్యని మెల్లగా తిరగేసింది.

"ఎవరూ నేర్పలేదు. చేసి చేసి వచ్చింది."

"ఎవరికి చేసి?"

ఆవిడ మూకుడు దింపి, మూత పెట్టి, పమిట చెంగుతో చేతులు తుడుచుకుంది. అప్పుడు చెప్పింది.

"బిలూకి."

"బిలూకి రొయ్యలు పడవు. ఒళ్ళంతా దద్దుర్లొస్తాయి. వాడే చెప్పాడు నాతో."

"మీతో అలా చెప్పాడు."

హేరంబ్ గోడకి చెయ్యి ఆనించాడు. గోడ ఇంకా పగటి వేడితో ఉంది.

"కుమార్‌టులి గెలిచిన రోజు మీరు క్లబ్బు గదిలో తలుపులేసుకుని కూర్చునేవారు," అంది చారుబాల. పాత చీరని మడతలు విప్పుతున్నట్టు, నిదానంగా, ఒక్కొక్కటిగా చెప్పింది. "వాడు సంచిలో తెచ్చేవాడు. అడుగున రొయ్యలు, పైన తోటకూర. డబ్బు లేనప్పుడు చిన్నవైనా తెచ్చేవాడు. అమ్మా, తొందరగా చెయ్యి, నాన్నొచ్చేస్తాడు అనేవాడు. తినేసి, పొట్టు చెరువులో పారేసి, చేతులు సబ్బుతో తోముకుని, మీరొచ్చేసరికి మూలన మొహం వేలాడేసుకుని కూర్చునేవాడు."

"ఎప్పట్నించి?"

"తొమ్మిదో క్లాసు నించి. మొదట్లో వాళ్ళ నీలం చొక్కాలు బావున్నాయన్నాడు. తరవాత వాళ్ళ పాసింగు బావుంటుందన్నాడు. అవన్నీ నాకేం తెలుసు."

"షీల్డు ఫైనల్ పోయిన రోజు," అన్నాడు హేరంబ్. "ఆ రోజు వాడు నా పక్కన కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను చూశాను. అన్నం తినలేదు ఆ పూట."

"తిన్నాడు. మీరు రాకముందే తిన్నాడు."

"ఏడ్చాడు!"

"ఏడ్చాడు. మీరు ఏడుస్తుంటే చూడలేక ఏడ్చాడు."

పొయ్యిలో ఒక బొగ్గు విరిగింది. హేరంబ్ ఆ ఎర్రటి ముక్కనే చూస్తూ నిలబడ్డాడు. పదేళ్ళపాటు గేలరీలో తన పక్కన, తన గొడుగు కింద, తన తువ్వాలు తలకి చుట్టుకుని కూర్చున్న కుర్రాడు ఎవడు? జనంతో పాటు లేచి అరిచినప్పుడు ఎవరికోసం అరిచాడు? కార్తీకంలో ఒకసారి పోయిన కొడుకు, ఈ పొయ్యి ముందు మళ్ళీ పోతున్నట్టనిపించింది. ఈసారి పట్టుకోవడానికి చెయ్యి కూడా లేదు.

"అబద్ధం," అన్నాడు. "నన్ను మెత్తబరచడానికి మీరిద్దరూ కలిసి అల్లారు."

"నేను అల్లలేదు, హేరంబ్‌దా."

రణజయ్ వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మధ్యాహ్నం చారుబాల ఇచ్చిన బిలూ లాల్చీ అతని భుజాల దగ్గర బిగిసిపోయింది. చేతులు మణికట్టుకి జానెడు పైనే ఆగిపోయాయి. ఎడమ కాలి మీద బరువు వెయ్యకుండా గుమ్మానికి ఆనుకున్నాడు.

"నువ్వు మాటిచ్చావు," అన్నాడు హేరంబ్. "నేను అద్దంలోంచి చూశాను. వాడు అడిగాడు, నువ్వు తలూపావు. కాదను చూద్దాం."

"కాదనను. మాటిచ్చాను. ఏం అడిగాడో మీకు వినపడలేదు."

చారుబాల తల తిప్పుకుంది. ఆవిడకిది ముందే తెలిసినట్టుంది. సాయంత్రం తను అరుగు కడుగుతున్నప్పుడు వీళ్ళిద్దరూ మాట్లాడుకుని ఉంటారని హేరంబ్‌కి తోచింది.

"రణోదా, ఒక్క సీజన్ నీలం చొక్కా వేసుకుని ఆడు, అన్నాడు బిలూ. నేను గేలరీలో లేకపోయినా ఫరవాలేదు, ఆడు. నీ ఆట వాళ్ళ పాసింగుతో కలిస్తే ఎలా ఉంటుందో రోజూ పడుకునేముందు ఊహించుకుంటాను అన్నాడు. నాకు నవ్వొచ్చింది. పూర్వాచల్ వాళ్ళ అబ్బాయివి, నువ్వా అనేదిరా అన్నాను. మా నాన్నకి చెప్పకు, ఆయన తట్టుకోలేడు అన్నాడు." రణజయ్ హేరంబ్ మొహంలోకి చూశాడు. "అందుకే ఇన్నాళ్ళూ చెప్పలేదు. క్లబ్బు గదికి తీసుకెళ్ళి ఆ గోడ మీది రాత చూపించినప్పుడల్లా చెప్పలేదు. దండ వెయ్యమంటే వేశాను."

"ఇవాళెందుకు చెబుతున్నావు మరి?"

"రేపు సంతకం పెట్టాక మీరు నన్ను తిట్టుకున్నా సరే, ఊరంతా తిట్టుకోనీ. మీ అబ్బాయికిచ్చిన మాట తప్పానని మాత్రం మీరు నమ్మకూడదు. గోడ దూకాక రెండు దార్లున్నాయి నాకు. కుమార్‌టులి వాళ్ళ కారు రోడ్డు మీదే ఉంది. ఎక్కలేదు. ఇటు వచ్చాను."

హేరంబ్ పీట మీద కూలబడ్డాడు. చేతుల్లో మొహం పెట్టుకోలేదు. ఆయనకా అలవాటు లేదు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, ఆఫీసులో పిలుపు కోసం ఎదురుచూసే మనిషిలా నిటారుగా కూర్చున్నాడు.

"వాడికి నచ్చని జట్టు కోసం," అన్నాడు, "వానలో, ఎండలో, పదేళ్ళు నా పక్కన కూర్చున్నాడా?"

"మీ పక్కన కూర్చున్నాడు," అంది చారుబాల. "జట్టు నచ్చకపోయినా."

అప్పుడు వీధి తలుపు మీద దెబ్బ పడింది. గట్టిగా కాదు. అరచేత్తో, తెలిసినవాళ్ళ ఇంటి తలుపు తట్టినట్టు.

"హేరంబ్‌దా, ఒక్కసారి వస్తారా?"

భోంబల్.

రణజయ్ పెరటి తలుపు వైపు చూశాడు. ఆ తలుపు సందులోంచి చెరువుగట్టు మీద టార్చి వెలుగు అటూ ఇటూ తిరుగుతూ కనిపిస్తోంది. జగు ఇంకా ముక్కుతో వెతుకుతున్నాడు.

"వెళ్ళి చెప్పెయ్యండి," అన్నాడు రణజయ్. "మీకు మాట రాకుండా ఉంటుంది. నేను పరిగెత్తలేను కూడా."

హేరంబ్ లేచి నిలబడ్డాడు. చొక్కా సర్దుకున్నాడు. "గదిలోకి వెళ్ళు," అన్నాడు. "చారూ, వాడికి అన్నం పెట్టు. లాంతరు తీసుకెళ్ళకు. చీకట్లోనే తింటాడు."

అంతవరకే ఆలోచించాడు. తలుపు తెరిచేదాకా అంతకుమించి ఏమీ తోచలేదు.

భోంబల్ బరువైన మనిషి. గొంతు మాత్రం పురోహితుడి గొంతంత మెత్తన. కిళ్ళీ బుగ్గన పెట్టుకుని అరుగు అంచున కూర్చున్నాడు. సందు మొదట్లో అతని జీపు చల్లారుతూ చిటపటలాడుతోంది. అందులో ఇద్దరో ముగ్గురో కుర్రాళ్ళు.

"ఈ వేళప్పుడు ఇబ్బంది పెట్టాను, హేరంబ్‌దా. ఏం చెయ్యను, నాకీ పక్షం రోజులూ కంటికి కునుకుండదు. మన చేపల శశీ లేడూ? ఇవాళ వాడు రైలుకట్ట అవతల బావమరిది కొట్లో కూర్చున్నాడట. మన వదినగారు, బౌదీ, వచ్చారని చెప్పాడు. వాడికి సంతోషం వేసింది పాపం. కార్తీకం తరవాత ఆవిణ్ణి చేపల బజార్లో చూడ్డం ఇదే మొదలట. పెద్ద రొయ్యలు కొన్నారట."

ఫటిక్ నెమ్మదిగా హేరంబ్ వైపు తిరిగాడు. చీకట్లో మొహం కనబడలేదు గాని, ఊపిరి ఆగడం వినిపించింది.

"బౌదీ తినరు," అన్నాడు భోంబల్. "మీరు తినరు. ఇంట్లో ఇంకెవరూ లేరు. మరి ఎవరికోసం వండారు, హేరంబ్‌దా?"

"బిలూ కోసం," అన్నాడు హేరంబ్.

భోంబల్ తల దించుకున్నాడు. ఫటిక్ గబగబా అందుకున్నాడు, పడబోతున్న మనిషిని పట్టుకున్నట్టు. "ఔను మరి. పోయినవాళ్ళకి ఒక ముద్ద పెడతారు. అందులో తప్పేముంది? అయితే బిలూకి ఇష్టమైంది ఇలస కదా, హేరంబ్‌దా? రొయ్యలు వాడికి పడవు కదా. వదినగారు పొరపాటున..."

ఇక్కడ ఒక దారి ఉంది. ఔను, పొరపాటే, ఆవిడ మనసు బాగాలేదు అంటే చాలు. ఫటిక్ నమ్ముతాడు. భోంబల్ నమ్మడు, లోపలికొచ్చి చూస్తానంటాడు. చూస్తే రణజయ్ దొరుకుతాడు, రేపు పూర్వాచల్‌కి సంతకం పెడతాడు, గోడ మీది రాత నిజమవుతుంది. ఫోటో అక్కడే ఉంటుంది. తను రోజూ వెళ్ళి అగరొత్తి వెలిగించుకోవచ్చు, తను ఎరిగిన కొడుక్కి.

"పొరపాటు కాదు," అన్నాడు హేరంబ్. "వాడికి రొయ్యలే ఇష్టం. వాడు కుమార్‌టులి మనిషి."

జీపులో కుర్రాళ్ళ మాటలు కూడా ఆగిపోయాయి.

"హేరంబ్‌దా," అన్నాడు ఫటిక్, "మీకు ఒంట్లో బాగోలేదు."

"బాగానే ఉంది. తొమ్మిదో క్లాసు నించీ వాడు ఆ జట్టే. నాకు తెలీదు. వాళ్ళమ్మకి తెలుసు. భోంబల్, రేపు ఒక కుర్రాణ్ణి పంపించి ఆ గోడ మీది రాత చెరిపించు. వాడు రణోని ఉండిపొమ్మని అడగలేదు. ఫోటో నేనొచ్చి తీసుకుపోతాను."

ఎప్పుడొచ్చాడో, జగు టార్చి ఆర్పేసి మెట్ల కింద నిలబడి ఉన్నాడు. వాడి నోట్లోంచి చిన్న శబ్దం వచ్చింది. కొట్టినప్పుడు పసివాడు చేసే శబ్దంలాంటిది. అబనీ మేష్టారు అరుగు మీద పక్కకి జరిగి, హేరంబ్ చెయ్యి పట్టుకుని లాగి తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

భోంబల్ చాలాసేపు ఆయనకేసి చూశాడు. ఆటగాళ్ళ అబద్ధాలు, వాళ్ళ అమ్మల అబద్ధాలు, వాళ్ళని దాచినవాళ్ళ అబద్ధాలు విని విని ఆరితేరినవాడు. ఒక తండ్రి తన కొడుకు గురించి ఇలాంటి అబద్ధం ఆడడని అతనికి తెలుసు. కిళ్ళీ పక్కకి ఉమ్మేశాడు. చేతులు జోడించాడు.

"నన్ను క్షమించండి, దాదా. నేను రాకుండా ఉండవలసింది."

అరుగు దిగడానికి ఒక కాలు కింది మెట్టు మీద వేశాడు.

కరెంటు వచ్చింది.

రోజూలాగే సందంతా ఒక్కసారిగా ఓహోమని అరిచింది. ఫాన్లు తిరిగాయి, ఎక్కడో రేడియో సగం పాటలో మేలుకుంది. హేరంబ్‌కి అప్పుడు గుర్తొచ్చింది. నెలలతరబడి వెలగని బిలూ గది దీపం ఇవాళ అతిథి కోసం తనే వేశాడు. స్విచ్చి ఎవరూ ఆర్పలేదు. ఉక్క తట్టుకోలేక ఎవరో కిటికీ రెక్కలు బార్లా తీశారు.

అరుగు పక్కనే ఆ కిటికీ. దానికి చారుబాల పాత చీర తెర. తెర మీద ఒక మనిషి నీడ, కంచం ఒళ్ళో పెట్టుకుని, తల వంచి, ముద్ద నోటిదాకా తెచ్చి ఆగిపోయింది. తరవాత లేచి నిలబడింది.

"బిలూ..." అన్నాడు జగు. వాడి చేతిలో టార్చి జారి మెట్ల మీద దొర్లింది.

భోంబల్ మెట్టు మీది కాలు వెనక్కి తీసుకున్నాడు. తెర కేసి చూశాడు, పైనించి కిందిదాకా, ఎడమ కాలు ఆనకుండా నిలబడిన ఆ నీడని.

"బిలూ ఇంత పొడుగు కాదు కదా, హేరంబ్‌దా," అన్నాడు మెత్తగా.